హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు? మీరే లెక్క వేసుకోండి

మా అమ్మానాన్నలు మొదటిసారి విజయవాడ నుంచి డాలస్ వచ్చినప్పుడు, సీటు ముందున్న తెర మీద విమానం బొమ్మ ఐస్‌లాండ్ పక్కనుంచి పోతుంటే అమ్మకి ఒకటే టెన్షన్. "అమెరికా ఎడమవైపు కదండీ, ఇదేంటి పైకి పోతోంది? దారి తప్పలేదు కదా?" అని నాన్నగారిని అడిగిందట. ఆయనకీ తెలియదు. నేను ముందే చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు.

అంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి చేశాను. "మొత్తం ఎన్ని గంటలురా?" అని నాన్న ఫోన్లో అడిగితే ఆలోచించకుండా "ఓ ఇరవై గంటలు" అనేశాను. ఆయన ఆ మాట పట్టుకుని దానికి సరిపడా షుగర్ మాత్రలు చేతి సంచిలో పెట్టుకుని, మిగతావన్నీ పెద్ద సూట్‌కేసులో వేసేశారు. విజయవాడలో గుమ్మం దాటినప్పటి నుంచి డాలస్ పక్కనున్న ఫ్రిస్కోలో మా గుమ్మం ఎక్కేదాకా పట్టింది 35 గంటలు.

అప్పటి నుంచి మా బంధువుల్లో ఎవరు బయలుదేరుతున్నా నేనే కూర్చుని లెక్క వేసి కాగితం మీద రాసి ఇస్తున్నాను. అది ఎలా వేయాలో ఇక్కడ పూర్తిగా చెబుతాను. ఉదాహరణకి హైదరాబాద్–డాలస్ తీసుకుంటున్నాను, కానీ ఏ రెండు ఊళ్లకైనా పద్ధతి ఇదే. పదో తరగతి లెక్కలు గుర్తుంటే చాలు. గుర్తు లేకపోయినా పర్వాలేదు, ఫోన్లో కాలిక్యులేటర్ ఉంది.

ముందు ఒక సంగతి. "ఎంత దూరం, ఎంతసేపు" అని అడిగినప్పుడు మనం నాలుగు వేర్వేరు విషయాలను కలిపేస్తుంటాం. భూమ్మీద రెండు ఊళ్ల మధ్య ఉన్న అతి దగ్గరి దూరం ఒకటి. విమానం నిజంగా తిరిగే దూరం ఇంకొకటి. టికెట్ మీద రాసిన గంటలు వేరు. ఇంటి నుంచి ఇంటికి పట్టే గంటలు వేరు. పెద్దవాళ్లకి కావాల్సింది ఈ చివరిది. కానీ అక్కడికి చేరాలంటే మొదటి దానితోనే మొదలుపెట్టాలి.

మొదటి అడుగు: ఊరు కాదు, విమానాశ్రయం పట్టుకోండి

హైదరాబాద్ అంటే చార్మినార్ నుంచి కొలవాలా, హైటెక్ సిటీ నుంచా? రెండూ కాదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కి మారాయి, కాబట్టి మన లెక్క శంషాబాద్ రన్‌వే దగ్గర మొదలవుతుంది. అటువైపు డాలస్ అన్నా నిజానికి దిగేది డాలస్, ఫోర్ట్‌వర్త్ ఊళ్ల నడుమ ఉన్న పెద్ద విమానాశ్రయంలో. టికెట్ మీద వీటి కోడ్‌లు హెచ్‌వైడీ, డీఎఫ్‌డబ్ల్యూ.

గూగుల్ మ్యాప్స్‌లో విమానాశ్రయం మీద వేలు నొక్కి పట్టుకుంటే రెండు అంకెలు కనిపిస్తాయి. మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. వాటిని రాసుకోండి.

శంషాబాద్: ఉత్తరం 17.24, తూర్పు 78.43
డాలస్: ఉత్తరం 32.90, పడమర 97.04

పడమర రేఖాంశానికి ముందు మైనస్ గుర్తు పెట్టాలి. అంటే డాలస్‌ది −97.04. ఈ ఒక్క గుర్తు మర్చిపోతే లెక్క డాలస్‌కి బదులు చైనా దగ్గర తేలుతుంది.

రెండో అడుగు: దారం, గ్లోబు

సూత్రం కంటే ముందు ఇది చేయమని గట్టిగా చెబుతాను, ముఖ్యంగా ఇంట్లో పిల్లలుంటే. గ్లోబు మీద దారం ఒక కొస హైదరాబాద్ మీద పెట్టి, ఇంకో కొస డాలస్ మీద పెట్టి బిగుతుగా లాగండి. దారం అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోదు. నేరుగా ఉత్తరానికి లేచి, ఢిల్లీ దగ్గర్నుంచి కశ్మీర్, మధ్య ఆసియా, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి అయిదు డిగ్రీల దూరంలోంచి వెళ్లి, కెనడా మీదుగా డాలస్‌కి దిగుతుంది.

కారణం చిన్నదే. రెండు ఊళ్ల రేఖాంశాల మధ్య తేడా 175.47 డిగ్రీలు. 180 ఉంటే సరిగ్గా భూమికి అవతలి పక్క అన్నమాట. నారింజకాయకి ఈ పక్కనున్న చీమ ఆ పక్కకి పోవాలంటే నడుం చుట్టూ తిరగడం కంటే తొడిమ మీదుగా ఎక్కి దిగడమే దగ్గర. ఈ దారినే మహావృత్త మార్గం అంటారు. గ్రేట్ సర్కిల్ అనే మాట ఎక్కడైనా కనిపిస్తే అది ఇదే.

గోడ మీద వేలాడే ప్రపంచ పటం మనల్ని మోసం చేస్తుంది. స్కూళ్లలో చూసే ఆ పటాల్లో చాలావాటికి మూలం మెర్కేటర్ అనే పటాలు గీసే ఆయన 1569లో తయారుచేసిన పద్ధతి. ఓడ నడిపేవాళ్లు దిక్సూచి పట్టుకుని ఒకే దిశలో పోవడానికి అది బాగా పనికొస్తుంది. దాని కోసం ధ్రువాల దగ్గరి నేలనంతా సాగదీయాల్సి వచ్చింది. ఆ పటం మీద స్కేలు పెట్టి హైదరాబాద్ నుంచి డాలస్‌కి గీత గీసి, ఆ గీత మీదే విమానం నడిపితే సుమారు 17,700 కిలోమీటర్లు అవుతుంది. దారం చూపించిన దారిలో పోతే 14,400 చిల్లర. మూడు వేల కిలోమీటర్లకి పైగా తేడా!

అమ్మకి ఈ దారం ఆట చూపించాక మళ్లీ ఎప్పుడూ ఆ తెర చూసి భయపడలేదు. తిరుగు ప్రయాణంలో పక్క సీటావిడకి తనే చెప్పిందట.

మూడో అడుగు: సూత్రం

ఫోన్ కాలిక్యులేటర్‌ని అడ్డంగా తిప్పితే సైన్, కాస్ మీటలు వస్తాయి. కోణాలు డిగ్రీల్లో ఉన్నాయో లేదో చూసుకోండి. రేడియన్‌లో ఉంటే జవాబు అర్థంపర్థం లేకుండా వస్తుంది.

సూత్రాన్ని మాటల్లో చెబితే ఇలా ఉంటుంది. రెండు అక్షాంశాల సైన్‌లను గుణించండి. రెండు అక్షాంశాల కాస్‌లను గుణించి, దాన్ని రేఖాంశాల తేడా కాస్‌తో మళ్లీ గుణించండి. ఈ రెండింటినీ కలపండి. వచ్చినదానికి విలోమ కాస్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹ మీట) తీస్తే డిగ్రీల్లో దూరం వస్తుంది.

మన అంకెలతో:

సైన్ 17.24 అంటే 0.2964. సైన్ 32.90 అంటే 0.5432. గుణిస్తే 0.1610.
కాస్ 17.24 అంటే 0.9551. కాస్ 32.90 అంటే 0.8396. గుణిస్తే 0.8019.
రేఖాంశాల తేడా 78.43 − (−97.04) = 175.47. దాని కాస్ −0.9969.
0.8019 × −0.9969 = −0.7994.
0.1610 − 0.7994 = −0.6384.
విలోమ కాస్ తీస్తే 129.67 డిగ్రీలు.

భూమి మీద ఒక డిగ్రీ అంటే 111.2 కిలోమీటర్లు. భూమి సగటు వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు అనుకుంటే వచ్చే అంకె ఇది. 129.67 × 111.2 = సుమారు 14,420 కిలోమీటర్లు.

భూమి నిఖార్సైన గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా నొక్కుకుపోయి ఉంటుంది. దానివల్ల వచ్చే తేడా నూటికి అర కూడా ఉండదు, మన పనికి అడ్డం కాదు. పైలట్లు వాడే నాటికల్ మైళ్లలో కావాలంటే డిగ్రీలను 60తో గుణించండి, 7,780 వస్తుంది. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు.

ఇదంతా వద్దనుకుంటే గ్రేట్ సర్కిల్ మ్యాపర్ అనే సైట్‌లో రెండు కోడ్‌లు కొడితే దూరం, గీత రెండూ చూపిస్తుంది. కానీ ఒక్కసారైనా చేత్తో వేసి చూడండి. ఆ తర్వాత ఎవరు ఏ అంకె చెప్పినా అది నమ్మదగిందో కాదో మీకే తెలుస్తుంది.

నాలుగో అడుగు: మధ్యలో ఎక్కడ దిగుతారు?

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఆగకుండా వెళ్లే విమానం లేదు. 14,420 కిలోమీటర్లు ఏకబిగిన ఎగరడం అసాధ్యమేమీ కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లకు పైగా, పద్దెనిమిదిన్నర గంటలకు పైగా ఆగకుండా ఎగిరే సర్వీసు ఉంది. హైదరాబాద్ నుంచి కూడా 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగోకి నాన్‌స్టాప్ మొదలుపెట్టింది, అది దాదాపు 13,300 కిలోమీటర్లు. తర్వాత ఆ సర్వీసు ఆగిపోయింది. అంత దూరానికి మోయాల్సిన ఇంధనం బరువు, రోజూ సీట్లు నిండడం, దారిలో గగనతలాలు తెరిచి ఉండడం, ఇవన్నీ కలిసొస్తేనే అలాంటివి నిలబడతాయి.

కాబట్టి దారిని ముక్కలుగా లెక్కపెట్టాలి. పై సూత్రంతోనే నేను వేసిన అంకెలు ఇవి:

దోహా మీదుగా: 2,913 + 12,745 = 15,658 కిలోమీటర్లు
దుబాయ్ మీదుగా: 2,546 + 12,920 = 15,466
లండన్ మీదుగా: 7,753 + 7,628 = 15,381
ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా: 7,116 + 8,258 = 15,374

నాలుగింటికీ మధ్య తేడా 300 కిలోమీటర్లు కూడా లేదు, అంటే ఇరవై నిమిషాలు. "దుబాయ్ మీదుగా పోతే చుట్టు తిరుగుడు" అని ఎవరైనా అంటే ఆ మాట పట్టించుకోవద్దు. దూరాన్ని బట్టి వీటిలో ఒకటి ఎంచుకోవడంలో అర్థం లేదు. తేడా ఉన్నది ముక్కల పొడవులో. గల్ఫ్ దారిలో ఒకటి పొట్టిది, ఒకటి చాలా పొడుగుది. పదహారు గంటలు ఒకే సీట్లో కూర్చోవాలి. యూరప్ దారిలో రెండూ తొమ్మిది, పది గంటల చొప్పున. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి నేనైతే యూరప్ దారి చెబుతాను. నిద్ర మాత్రం బాగా పట్టేవాళ్లకి గల్ఫ్ దారే సుఖం, ఒకే నిద్రలో సగం దూరం గడిచిపోతుంది.

ఇక్కడే ఇంకో మాట. మనవాళ్లు ఆగకుండా పోయేదాన్ని "డైరెక్ట్ ఫ్లైట్" అంటారు. విమాన కంపెనీల భాషలో డైరెక్ట్ అంటే మధ్యలో ఆగినా ఫ్లైట్ నంబర్ మారనిది. ఆగకుండా పోయేది నాన్‌స్టాప్. టికెట్ కొనేటప్పుడు ఆ మాట కోసం వెతకండి.

అయిదో అడుగు: కిలోమీటర్లను గంటలు చేయడం

పెద్ద విమానాలు పైన గంటకు దాదాపు 900 కిలోమీటర్ల వేగంతో పోతాయి. అయితే దూరాన్ని 900తో భాగిస్తే వచ్చేది టికెట్ మీద గంటలతో కలవదు. మూడు విషయాలు కలపాలి.

ఒకటి, విమానం మన దారంలాగా తిన్నగా పోలేదు. నిర్దేశించిన దారులు, తుపాన్లు, మూసేసిన గగనతలాలు ఉంటాయి. దీనికోసం దూరానికి నూటికి 5 కలుపుతాను. మామూలు రోజుల్లో అది సరిపోతుంది. కానీ ఒక్కోసారి అస్సలు సరిపోదు. 2019 ఫిబ్రవరి చివర్లో పాకిస్తాన్ గగనతలం మూసేసినప్పుడు జులై మధ్యదాకా ఉత్తర భారతం నుంచి పడమటికి పోయే విమానాలు అరేబియా సముద్రం మీదుగా చుట్టూ తిరిగాయి. 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మళ్లీ ఆ తలుపు మూసుకుంది. 2022 నుంచి రష్యా గగనతలంలోకి అమెరికా, యూరోపియన్ యూనియన్ కంపెనీల విమానాలు పోలేవు. పైన దారం సైబీరియా మీదుగా పోయింది చూశారా, ఇప్పుడు ఆ గీత మీద అందరూ ఎగరలేరు. ఒకే రెండు ఊళ్ల మధ్య ఒక కంపెనీకి ఒక సమయం, ఇంకో కంపెనీకి వేరే సమయం ఉండడానికి ఇదొక ముఖ్యమైన కారణం.

రెండు, గాలి. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి నదిలా పారే గాలి ఒకటుంది, జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో దాని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. అమెరికాకి వెళ్లేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుపాను రోజున న్యూయార్క్ నుంచి లండన్‌కి ఒక ప్రయాణికుల విమానం 5 గంటలు కూడా పట్టకుండా, 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. భూమి మీద నుంచి కొలిస్తే దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. కాబట్టి పడమటికి పోయేటప్పుడు నేను వేగం 870 అని తీసుకుంటాను, తూర్పుకి వచ్చేటప్పుడు 940.

మూడు, నేల మీద గడిచే సమయం. టికెట్ మీద రాసేది గాల్లో ఉన్న సమయం కాదు. గేటు వదిలినప్పటి నుంచి అవతలి గేటు చేరేదాకా మొత్తం. దాన్ని బ్లాక్ టైం అంటారు. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడడం, ఎక్కడం, దిగడం, వీటికి 40 నిమిషాలు కలపండి.

దోహా దారికి వేసి చూద్దాం. 2,913కి నూటికి 5 కలిపితే 3,059. దాన్ని 870తో భాగిస్తే 3.52 గంటలు, 40 నిమిషాలు కలిపితే 4 గంటల 10 నిమిషాలు. రెండో ముక్క 12,745కి కలిపితే 13,382. భాగిస్తే 15.4 గంటలు, నేల మీద సమయంతో 16 గంటల 5 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అదే పొడుగు ముక్కని 940తో భాగించి 40 నిమిషాలు కలిపితే 15 గంటలకి కాస్త తక్కువ. గంటకు పైగా ఆదా, అదంతా గాలి పుణ్యం.

మీ లెక్క టికెట్‌కి అరగంట అటూఇటూగా ఉంటే సరిగ్గా వేసినట్టే. గంటన్నర తేడా ఉంటే ఏదో ఉంది, అంకె తప్పైనా ఉండాలి, లేదా ఆ విమానం ఏదో దేశాన్ని చుట్టి పోతున్నదైనా అయి ఉండాలి. ఫ్లైట్‌రాడార్24లో ఆ ఫ్లైట్ నంబర్ కొట్టి గత వారం రోజులు నిజంగా ఎప్పుడు బయలుదేరి ఎప్పుడు చేరిందో చూడండి. టికెట్ మీద ఉన్నదానికంటే నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

ఆరో అడుగు: మధ్యలో ఆగే సమయం

టికెట్ వెతికేటప్పుడు అన్నిటికంటే తక్కువ గంటలున్నది మొదట కనిపిస్తుంది. దాని మీద చేయి వేసే ముందు లేఓవర్ ఎంతో చూడండి. మా బంధువుల్లో ఒక పెద్దాయనకి 55 నిమిషాల లేఓవర్ ఉన్న టికెట్ కొనిచ్చారు. మొదటి విమానం అరగంట ఆలస్యం. వీల్‌చైర్ వచ్చేసరికి ఇంకో పది నిమిషాలు. గేటు మూసేశారు. తర్వాతి విమానం మర్నాడు. రెండు గంటలు మిగుల్చుకుందామనుకుంటే ఒక రోజు పోయింది, ఆ రాత్రంతా ఆయన కుర్చీలో కూర్చున్నారు.

వయసులో ఉన్నవాళ్లకి గంటన్నర, పెద్దవాళ్లకి రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉండేలా చూసుకోండి. రెండు ముక్కలూ ఒకే టికెట్ మీద, ఒకే పీఎన్ఆర్‌తో ఉండాలి. అప్పుడు విమానం తప్పితే తర్వాతిదానిలో పంపే బాధ్యత కంపెనీది. విడివిడిగా కొంటే ఆ బాధ్యత మీదే. వీల్‌చైర్ కావాలంటే ప్రయాణానికి కనీసం రెండు రోజుల ముందే చెప్పి పెట్టండి.

అమెరికాలోనే మొదట ఇంకో ఊళ్లో దిగి అక్కడి నుంచి డాలస్ వచ్చేదైతే లెక్క మారుతుంది. ఏ ఊళ్లో మొదట దిగితే ఆ ఊళ్లోనే ఇమిగ్రేషన్. సాధారణంగా సూట్‌కేసులు కూడా అక్కడే తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్లీ అప్పగించి, మళ్లీ సెక్యూరిటీకి పోవాలి. దీనికి మూడు గంటలు లేకపోతే నేను ఆ టికెట్ కొనను. అబుదాబి మీదుగా న్యూయార్క్, షికాగో లాంటి ఊళ్లకి పోయేవాళ్లకి అమెరికా ఇమిగ్రేషన్ అబుదాబిలోనే అయిపోతుంది. దిగాక హాయి, కానీ ఆ వరస కోసం అక్కడ లేఓవర్ ఎక్కువ ఉండాలి.

మన ఉదాహరణకి దోహాలో రెండున్నర గంటలు అనుకుందాం. 4.10 + 2.30 + 16.05. మొత్తం 22 గంటల 45 నిమిషాలు.

ఏడో అడుగు: గడియారాలు

టికెట్ మీద ప్రతి సమయమూ ఆ ఊరి గడియారం ప్రకారమే ఉంటుంది. అందుకే తెల్లవారుజామున 4కి హైదరాబాద్‌లో ఎక్కి అదే రోజు సాయంత్రం 4.15కి డాలస్‌లో దిగుతారని కనిపిస్తుంది. చూడగానే పన్నెండు గంటల ప్రయాణంలా ఉంటుంది. నాన్న అలాగే అనుకున్నారు.

రెండు ఊళ్లనీ యూటీసీకి, అంటే ప్రపంచమంతా లెక్కకి వాడే ఉమ్మడి సమయానికి, మార్చి చూస్తే తికమక ఉండదు. మనం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. డాలస్ వేసవిలో అయిదు గంటలు వెనక, చలికాలంలో ఆరు గంటలు వెనక. అంటే తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. మార్చి రెండో ఆదివారం గడియారం ఒక గంట ముందుకి, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి తిప్పుతారు. మన దేశంలో ఇలాంటిది లేదు కాబట్టి అమెరికా టికెట్‌ని ఏ నెలలో చూస్తున్నామో గుర్తుపెట్టుకోవాలి. న్యూజెర్సీకి తొమ్మిదిన్నర లేదా పదిన్నర. కాలిఫోర్నియాకి పన్నెండున్నర లేదా పదమూడున్నర. ఫీనిక్స్‌లో గడియారం మార్చరు, అక్కడ పిల్లలున్నవాళ్లకి ఏడాదంతా పన్నెండున్నరే.

పడమటికి పోయేటప్పుడు గడియారాల తేడాని కలపాలి. 4 నుంచి 4.15కి 12 గంటల 15 నిమిషాలు, పదిన్నర కలిపితే 22 గంటల 45 నిమిషాలు. మన లెక్కతో సరిపోయింది. తూర్పుకి వచ్చేటప్పుడు తీసేయాలి. శుక్రవారం రాత్రి 8కి డాలస్‌లో ఎక్కి ఆదివారం తెల్లవారుజామున 3.30కి శంషాబాద్‌లో దిగితే, గడియారంలో 31 గంటల 30 నిమిషాలు. పదిన్నర తీసేస్తే 21 గంటలు. ఆ ప్రయాణంలో శనివారం దాదాపు కనిపించదు. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లకి ఇది ముందే చెప్పండి.

ఇక అర్ధరాత్రి సంగతి. శంషాబాద్ నుంచి విదేశాలకి పోయే విమానాల్లో చాలా వరకు అర్ధరాత్రి దాటాక బయలుదేరతాయి. టికెట్ మీద "15వ తేదీ, 2.00" అని ఉంటే ఇంట్లో బయలుదేరాల్సింది 14వ తేదీ. 15 రాత్రి అనుకుని కూర్చుంటే అప్పటికి విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అయి ఉంటుంది. ఇలా టికెట్ పోగొట్టుకున్న కుటుంబం నాకు తెలుసు. ఇంట్లో క్యాలెండర్ మీద విమానం తేదీ రాయకండి, ఇల్లు వదిలే తేదీ రాయండి. "14 సాయంత్రం ఆరింటికి కారు" అని.

ఎనిమిదో అడుగు: గుమ్మం నుంచి గుమ్మానికి

నాకు అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇదే, ఎవరూ వేయనిదీ ఇదే.

విజయవాడ నుంచి శంషాబాద్ కారులో అయిదు గంటలు, భోజనానికి ఆగితే ఆరు. విమానం ఆదివారం తెల్లవారుజామున 4కి అయితే అర్ధరాత్రికల్లా అక్కడ ఉండాలి, చెకిన్ సాధారణంగా గంట ముందు మూసేస్తారు. అంటే శనివారం సాయంత్రం 6కి ఇల్లు వదలాలి. విమానం కదిలేసరికే పది గంటలు అయిపోయాయి. తర్వాత 22 గంటల 45 నిమిషాలు. డాలస్‌లో ఇమిగ్రేషన్, సామాను కలిపి గంటన్నర. అక్కడి నుంచి ఫ్రిస్కోకి కారులో ముప్పావుగంట. కలిపితే సరిగ్గా 35 గంటలు. ఆదివారం సాయంత్రం 6.30కి ఇంటికి చేరతారు, అప్పటికి విజయవాడలో సోమవారం తెల్లారి 5 అవుతుంది.

ఇరవై గంటలు వేరు, ముప్పై అయిదు గంటలు వేరు. మందుల డబ్బా సర్దేటప్పుడు, ఒకరోజు ముందు సరిగ్గా నిద్రపోవాలా వద్దా అని ఆలోచించేటప్పుడు, కారులో ఏం తినాలో, విమానంలో ఎప్పుడు భోజనం పెడతారో చూసుకునేటప్పుడు ఈ రెండో అంకె కావాలి. షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఈ గంటల లెక్కతో వాళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లండి. "ఇల్లు వదిలాక 35 గంటలు, అందులో 16 గంటలు ఒకే విమానంలో" అని చెబితే ఏ మాత్ర ఎన్ని గంటలకి వేసుకోవాలో, ఇన్సులిన్ ఎలా మార్చుకోవాలో ఆయన చెబుతారు. డాలస్ గడియారమా, విజయవాడ గడియారమా అనే గొడవ లేకుండా గంటల్లోనే రాయించుకోండి. మందులన్నీ చీటీతో సహా చేతి సంచిలోనే ఉండాలి, విమానం తప్పితే ఆదుకోవడానికి ఇంకో రెండు రోజులకి ఎక్కువ పెట్టండి.

నేను రాసి ఇచ్చే కాగితం ఇలా ఉంటుంది. పెద్ద అక్షరాలతో, తెలుగులో. రెండు కాపీలు, అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో ఒకటి, నాన్న జేబులో ఒకటి.

శనివారం సాయంత్రం 6: ఇంటి నుంచి కారు. గంట సున్నా.
అర్ధరాత్రి: శంషాబాద్. 6 గంటలు అయ్యాయి.
ఆదివారం తెల్లవారుజామున 4: విమానం. 10 గంటలు.
దోహాలో దిగేది: అక్కడ ఉదయం 5.40, మనకి 8.10. 14 గంటలు దాటింది. గడియారం రెండున్నర గంటలు వెనక్కి.
దోహాలో ఎక్కేది: అక్కడ 8.10, మనకి 10.40. పదహారు గంటల విమానం ఇదే. మధ్యమధ్య లేచి నడవాలి.
డాలస్‌లో దిగేది: అక్కడ ఆదివారం సాయంత్రం 4.15, మనకి సోమవారం తెల్లవారుజామున 2.45. 32 గంటల 45 నిమిషాలు.
బయట నేను ఉంటాను. బయటికి రావడానికి గంటన్నర పట్టినా కంగారు పడొద్దు.
తెర మీద విమానం ఐస్‌లాండ్, గ్రీన్‌లాండ్ మీదుగా పోతుంటే అదే సరైన దారి.